ఎరుపు కనపడని కాగితం

బ్రోమైడ్ కాగితానికి ఎరుపు కనపడదు. ఫోటో స్టూడియో చీకటి గదిలో ఎర్ర బల్బే ఎందుకు పెడతారని పదో తరగతి పిల్లలు అడిగితే నేను చెప్పే మొదటి మాట ఇది. నీలం వెలుతురు కాస్త సోకినా ఆ కాగితం నల్లబడుతుంది. ఆకుపచ్చకి కొంత కదులుతుంది. మసక ఎరుపు మాత్రం దానికి చీకటి కిందే లెక్క. అందుకే ఎర్ర బల్బు కింద ట్రేలు, హైపో, గోడ గడియారం అన్నీ చూసుకుంటూ పని చేసుకుంటాం. కాగితం గుడ్డిదైంది కాబట్టి పనివాడికి చూపు దొరికింది. ఈ ఒక్క సంగతి చుట్టూ ఇరవై ఏళ్ళకు పైగా నా ఆలోచన తిరుగుతూనే ఉంది.

పాత బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌తో ఈ గుడ్డితనం వల్ల నష్టమేం లేదు. ఆ నెగటివ్‌లో ఉండేది వెండి నలుపు, రంగు కాదు. కలర్ నెగటివ్ నుంచి బ్లాక్ అండ్ వైట్ ప్రింటు కొట్టాల్సి వచ్చినప్పుడే అసలు చిక్కు. కలర్ నెగటివ్‌లో మూడు రంగుల పొరలుంటాయి. పసుపు పొర నీలం వెలుతురుని ఆపుతుంది, మజెంటా పొర ఆకుపచ్చని ఆపుతుంది, సయాన్ పొర ఎరుపుని ఆపుతుంది. కెమెరా ముందు నిలబడ్డ మనిషి ఒంటి నుంచి వచ్చిన ఎరుపంతా ఆ సయాన్ పొరలో రాసి ఉంటుంది. ఆ రాత మన కాగితం చదవలేదు. ముగ్గురు సాక్షులు కోర్టుకొస్తే ఒకర్ని గుమ్మంలోనే ఆపేసి తీర్పు చెప్పినట్టు. పైగా కలర్ నెగటివ్ మొత్తానికి ఒక నారింజ రంగు ముసుగు ఉంటుంది. రంగుల ప్రింటులో పొరల లోపాలు సరిచెయ్యడానికి కంపెనీవాళ్ళు పెట్టిందది. మన కాగితానికి మాత్రం అది గుమ్మానికి కట్టిన గోనెపట్టా. నీలాన్ని మింగేస్తుంది. మామూలు నెగటివ్‌కి ఎనిమిది సెకన్లు చాలినచోట దీనికి నలభై సెకన్లు పట్టేది. అంతసేపు వెలుతురు ఇచ్చినా ప్రింటు చప్పగా వస్తుంది. అందుకని 'హార్డ్' కాగితం వాడాలి.

ఆ కాగితం మీద లోకం ఎట్లా ఉంటుందో చెబుతాను. కుంకుమబొట్టు నల్ల చుక్క. పసుపు రాసుకున్న పాదాలు మసి. బంతిపూల దండ కాలిన తాడు. ఆకాశం సున్నం కొట్టిన గోడ. నీలం చొక్కా చాకిరేవు నుంచి వచ్చిన తెల్ల చొక్కా. ఇక మన ఒంటి రంగు. చామనఛాయ, గోధుమరంగు, నలుపు, ఏదైనా సరే మన ఒంటి మీంచి వచ్చే వెలుగులో ఎక్కువ పాలు ఎరుపుదే. కాగితం మొదట కొట్టేసేది దాన్నే.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 2001లో నేను తొమ్మిదో తరగతి. మండల కేంద్రంలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేవాణ్ణి. బస్టాండు పక్కన స్టూడియోలో సాయంత్రాలూ సెలవు రోజులూ ట్రేలు కడగడం, ప్రింట్లు ఆరబెట్టడం నా పని. రోజుకి పది రూపాయలు. మే నెలలో డెవలపర్ కాగిపోయేది. దానికి ఇరవై డిగ్రీలుండాలి, మా గదిలో నలభై. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకలో చుట్టిన గడ్డ తెచ్చి ట్రే కింద పళ్ళెంలో వేసేవాణ్ణి. కాగితం ఊటీ నుంచి వచ్చే 'ఇందు'. హిందూస్తాన్ ఫోటో ఫిలిమ్స్ అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసేది. ఇప్పుడా సంస్థే లేదు, మూతపడింది.

స్టూడియో ఆయన చెడ్డవాడని చెప్పను. పని నేర్పాడు. మెటాల్ ఎంత, హైడ్రోక్వినోన్ ఎంత, సోడియం సల్ఫైట్ ముందు వెయ్యాలా వెనక వెయ్యాలా, అన్నీ చేతిలో పెట్టి చెప్పాడు. లోపల చీకట్లో ఆయన చెయ్యీ నా చెయ్యీ ఒకే డెవలపర్‌లో మునిగేవి. బయటికొస్తే నా టీ గ్లాసు వేరే. కిటికీ చువ్వకి తగిలించి ఉండేది. హైపోకి లేని మైల టీకి ఎట్లా వచ్చిందో ఆయన్ని ఎవరూ అడగలేదు.

అప్పటికే పెళ్ళిళ్ళు, పేరంటాలు అన్నీ కలర్‌లోకి మారిపోయినయ్. రీళ్ళు బస్సులో పెద్ద టౌను ల్యాబుకి పోయి మూడోరోజుకి గానీ తిరిగి రావు. అప్లికేషన్ల ఆఖరు తేదీలు మూడోరోజు దాకా ఆగవు గదా. స్కాలర్‌షిప్పు, రేషన్ కార్డు, పింఛను, ఇవన్నీ పేదోళ్ళ తేదీలే. చేతిలో పాత కలర్ నెగటివ్ ఉంటే దాన్నుంచి అక్కడికక్కడ బ్లాక్ అండ్ వైట్‌లో కొట్టించుకునేవాళ్ళు. విలేఖరులు కూడా వచ్చేవాళ్ళు. 2002 ఏప్రిల్ 14న మా వాళ్ళు ఊరేగింపు తీశారు. ఒక విలేఖరి కలర్‌లో తీసిన ఫోటో సాయంత్రం బస్సుకి పంపాలని మా దగ్గరికి తెచ్చాడు. ప్రింటు డెవలపర్‌లో తేలింది. మా నీలి జెండాలన్నీ తెల్లబడి ఉన్నయ్. అంబేద్కర్ బొమ్మ మీద నీలం కోటు వెలిసిపోయింది. రోడ్డు పక్కన పాత పార్టీ ఆఫీసు మీదున్న ఎర్రజెండా మాత్రం నల్లగా వచ్చింది. 'ఏందిరా, మీవాళ్ళు శాంతి జెండాలు పట్టుకు తిరిగారా?' అని నవ్వాడాయన. నవ్వులాట సంగతి పక్కనబెట్టండి. మర్నాడు పేపరు చూసినవాడికి ఆ ఊరేగింపు ఎవరిదో జెండాని బట్టి తెలియదు. అబద్ధం ఎవరూ చెప్పలేదు. కాగితం తన గుణం కొద్దీ తాను పడింది.

అడగాల్సింది ఇక్కడే. తన గుణం కొద్దీ పడ్డ కాగితానికి నేరం అంటగట్టొచ్చా?

మా నాయనమ్మ పింఛను కాయితం కథ ఆ ఎండాకాలందే. ఆమె తుంటి విరిగి మంచంలో ఉంది. స్టూడియోకి తీసుకురాలేం. మా చిన్నాయన కూతురి పెళ్ళిలో తీసిన కలర్ నెగటివ్‌లో ఒక పక్కన నిలబడి ఉంది. అందులోంచి ముఖం వరకు పెద్దది చేసి పాస్‌పోర్ట్ సైజులో కొట్టమన్నాం. స్టూడియో ఆయన నలభై సెకన్లు లెక్కపెట్టి కొట్టేశాడు. తెల్లచీర కొంగు మెరిసిపోతోంది. కొంగు లోపల ఒక నల్ల ముద్ద, రెండు కళ్ళ మెరుపులు. మా అమ్మ ఆ ఫోటో అంటించి కాయితం ఇస్తే, 'ఇందులో మనిషేది?' అని ఆఫీసులో తిరగ్గొట్టారు. ఆ నెల పోయింది. తర్వాతి నెల కూడా పోయింది. మిరప కోతలు లేని రోజులవి. ఆ డబ్బు మా ఇంట్లో లెక్కకొచ్చే డబ్బు.

ఆ ఆదివారం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు నేను మళ్ళీ కొట్టాను. సైకిలు చువ్వకి కంది గింజంత అట్టముక్క అంటించి, వెలుతురు పడుతున్నంతసేపూ ముఖం మీద నీడ ఆడిస్తూ కొంత వెలుతురు ఆపాను. దాన్ని డాడ్జింగ్ అంటారు. మూడు కాగితాలు పట్టినయ్. మూడోదాంట్లో బుగ్గ ముడతలు, చెవి కమ్మలు, పెదవి అంచు తేలినయ్. ఆయన వచ్చి చూశాడు.

'ముసలామెకి మూడు కాగితాలా?'

'ముఖం కనపడలేదంట సార్. కాయితం తిరగ్గొట్టారు.'

'అందరికీ ఒకటే కాగితం, ఒకటే సెకన్లు. నేనేమన్నా తేడా చూపించానా? మీవాళ్ళ రంగంతే. నేనేం చేసేది?'

ఈ మాట చాలా పెద్ద మాట. ఆయనకి తెలియకుండా అన్నాడు గానీ, మన దేశంలో సమానత్వం మీద జరిగే వాదమంతా ఈ మాటలోనే ఉంది. అందరికీ ఒకటే. తేడా లేదు. మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? మీనుంచే వచ్చింది.

అంతకు నెల ముందే రైసు మిల్లు వాళ్ళమ్మాయి పెళ్ళిచూపుల ఫోటో ఇట్లాగే కలర్ నెగటివ్‌లోంచి కొట్టాల్సి వచ్చింది. ఆ అమ్మాయిదీ చామనఛాయే. అప్పుడాయన నాలుగు కాగితాలు పారేశాడు. అట్టముక్క చువ్వకి అంటించడం నేను చూసి నేర్చుకుంది ఆయన దగ్గరే, ఆ రోజే. కాగితం లోపం ఆయనకి తెలుసు. మందూ తెలుసు. మందు ఎవరికి వెయ్యాలో మాత్రం ముందే తేలిపోయి ఉంది. తెలియనితనమైతే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆయన నాకంటే నలుపు, అదీ చెప్పాలి. కులం రంగులో లేదు. కులాన్ని జాతి భేదంగా చెప్పే సిద్ధాంతాన్ని అంబేద్కర్ ఏనాడో కాదన్నాడు. కాగితానికి కులం తెలియదు. చువ్వ పట్టుకున్న చేతికి తెలుసు.

తర్వాత డిగ్రీలో, బీఈడీలో, డీఎస్సీ కోచింగులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. 'అందరికీ ఒకటే పేపరు, ఒకటే టైము. మెరిట్ ఉన్నోడు రాస్తాడు, లేనోడు రాయడు.' పేపరు అన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఊటీ కాగితమే గుర్తుకొచ్చేది. మీ పేపరు ఏ వెలుతురుని చూస్తది, ఏ వెలుతురుని చూడదు? పుట్టినకాణ్ణుంచి ఇంట్లో చదువు మాట విన్నవాడి నీలాన్ని చూస్తది. కూలికి పోయొచ్చి లాంతరు కింద కూర్చున్నవాడి ఎరుపు దానికి చీకటే. ఇద్దరికీ సమానంగా సెకన్లు లెక్కపెట్టి, వచ్చిన నలుపుని వాడి పుట్టుకగా చూపిస్తారు.

మా విద్యార్థి మిత్రులకి ఒక కేసు చెప్పాలి. కేరళ ప్రభుత్వం డిపార్ట్‌మెంటు పరీక్షలు పాసవడానికి ఎస్సీ, ఎస్టీ గుమాస్తాలకి అదనపు గడువు ఇచ్చింది. ఇది సమానత్వానికి విరుద్ధమని ఎన్.ఎం. థామస్ అనే ఉద్యోగి కోర్టుకెళ్ళాడు. హైకోర్టు ఆయన పక్షాన చెప్పింది. 1976లో సుప్రీం కోర్టు ఆ తీర్పుని తిప్పేసింది. అంతకుముందు, 1962 నాటి బాలాజీ కేసులో, ఇటువంటి ఏర్పాట్లని సమానత్వ సూత్రానికి మినహాయింపుగా చూశారు. అంటే అసలు సూత్రం అందరికీ ఒకటే సెకన్లు, మీకిచ్చేది దయ. థామస్ కేసు దీన్ని మార్చింది. ఆ ఏర్పాటు సమానత్వంలో భాగమే గానీ దానికి బయట పెట్టిన మినహాయింపు కాదన్నది. 1992లో ఇంద్రా సాహ్ని కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచి కూడా ఆ దారినే పట్టింది. చీకటి గది భాషలో చెప్పాలంటే, ముఖం మీద నీడ ఆడించడం ప్రింటుకి చేసే ఉపకారం కాదు, ప్రింటు కొట్టే పనిలో భాగం. అది చెయ్యకపోతే పని సగంలో ఆపినట్టు. 1936లో 'కుల నిర్మూలన' రాస్తూ అంబేద్కర్ కూడా ఈ లెక్కే వేశాడు. మనుషుల్లో తేడాలున్నాయి, నిజమే. సమాజానికి వాళ్ళనుంచి ఎక్కువ మేలు కావాలంటే పరుగు మొదలయ్యే చోటే వాళ్ళని వీలైనంత సమానం చెయ్యాలన్నాడు.

ఇంతవరకు మన వాదం మనకి తెలిసిందే. నన్ను నిద్రపోనివ్వనిది దీని తర్వాతిది.

మా నాయనమ్మ గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉండేది. మూడో కాగితంలో ముడతలొచ్చినయ్, కమ్మలొచ్చినయ్. పచ్చబొట్టు రాలేదు. ఎంత నీడ ఆడించినా రాదు. పచ్చబొట్టుకీ చుట్టూ ఉన్న చర్మానికీ మధ్య తేడా మన కంటికి తెలిసేది ముఖ్యంగా ఎరుపులో. చర్మం ఎరుపుని వెనక్కిస్తుంది, పచ్చబొట్టు ఇవ్వదు. ఆ తేడా రాసి ఉన్న పొరని కాగితం చదవదు. కాబట్టి దానికి రెండూ ఒకటే. చెయ్యి వెలుతురుని తగ్గించగలదు, పెంచగలదు. కాగితానికి లేని కన్ను తెచ్చిపెట్టలేదు. మా నాయనమ్మ మనిషిలా కనపడింది, పింఛను కూడా వచ్చింది. ఆమె మాత్రం ఫోటో చేతిలోకి తీసుకుని గడ్డం దగ్గర బొటనవేలితో తుడిచి చూసి, 'నా చుక్కలేవిరా?' అంది. ఉద్యోగం వచ్చిన మనలో ఎంతమంది ఇట్లా చుక్కలు లేకుండా అచ్చయ్యామో మీరే ఆలోచించుకోండి. స్టాఫ్ రూములో నా ముఖం కనపడుతోంది. నా పల్లె కనపడ్డం లేదు.

అంటే కాగితమే మారాలి. ఎరుపు కూడా చూసే కాగితం లోకంలో లేకపోలేదు. కలర్ నెగటివ్ నుంచి బ్లాక్ అండ్ వైట్ కొట్టడానికే కొడాక్ కంపెనీ పానాల్యూర్ అనే కాగితం చేసేది. మా స్టూడియోకి ఎన్నడూ రాలేదు. 2005లో ఆ కంపెనీ బ్లాక్ అండ్ వైట్ కాగితాల తయారీ మొత్తం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అయితే ఆ కాగితంతో ఒక ఇబ్బంది ఉండేది. అన్ని రంగులూ చూసే కాగితం కాబట్టి దాని ముందు ఎర్ర బల్బు వెయ్యకూడదు. కటిక చీకట్లో, లేదా ఉందో లేదో తెలియనంత మసక దీపంలో, తడుముకుంటూ చెయ్యాలి.

ఈ సంగతి బీఎస్సీలో చదివిన రోజు నాకు స్టూడియో ఆయన ఒక్కసారిగా అర్థమయ్యాడు. కాగితం మారితే ఆయన బల్బు ఆరిపోతుంది. ఇన్నాళ్ళూ తన గదిలో తను హాయిగా తిరగగలిగింది కాగితం కొందర్ని చూడకపోవడం వల్లనే. ఆ చూపులేనితనం ఆయనకి దీపం. 'ఏం చేసేది, కాగితమంతే' అనేవాళ్ళందరి నెత్తిమీదా ఎక్కడో ఒక ఎర్ర బల్బు వెలుగుతూ ఉంటుందని నా అనుమానం. నేరం కాగితానిది కాదు, ఒప్పుకుంటా. ఆ బల్బు ఆర్పడానికి ఇష్టపడని మనిషి సంగతి వేరు.

ఇదేదో మన మండలానికే పరిమితం అనుకోవద్దు. కలర్ ల్యాబుల్లో ప్రింటు సరిగ్గా వచ్చిందా లేదా అని పోల్చి చూసుకునే కార్డులు 1950ల నుంచి కొడాక్ పంపేది. వాటిమీద ఏళ్ళ తరబడి ఉన్నది తెల్లామె బొమ్మ. 'షర్లీ కార్డు' అని దాని పేరు. ఆమె ఒంటి రంగు బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. లోర్నా రోత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో దీనిమీద రాసింది. ఫిలిం ముదురు రంగుల్ని సరిగ్గా పట్టడం లేదని గట్టిగా అడిగింది ఎవరనుకున్నారు? చాక్లెట్ కంపెనీలు, కొయ్యసామాను కంపెనీలు. బల్లల కోసం, చాక్లెట్ల కోసం వాళ్ళు కదిలారు. నల్ల పిల్లల తల్లులు అంతకుముందే గొణిగినా ఎవరికీ వినపడలేదు. మా నాయనమ్మ నెగటివ్ మా కాగితం దాకా రాకముందే ఒక తెల్లామెని కొలతగా పెట్టుకున్న లోకంలోంచి వచ్చిందన్నమాట.

ఇప్పుడు నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నా. ఆ స్టూడియో మూతపడ్డప్పుడు పాతసామానులోకి పోబోయిన ఎన్‌లార్జర్ నేను కొనుక్కున్నా. ఇంగ్లండు ఇల్ఫోర్డ్ కాగితం ఇంకా దొరుకుతుంది, జీతం మీద ఏడాదికో ప్యాకెట్టు. మా పల్లెలో 1990ల, 2000ల నాటి కలర్ ఫోటోలు ఆల్బంలకి అతుక్కుపోయి ఊడి రావు. కొన్నిటికి బూజు. నెగటివ్‌లు మాత్రం కవర్లలో బతికున్నయ్. చనిపోయినవాళ్ళ ముఖాలు వాటిలోనే ఉన్నయ్. అవి తెచ్చిస్తే కొట్టి ఇస్తున్నా.

మా నాయనమ్మ నెగటివ్ 2023లో మళ్ళీ పట్టుకున్నా. ఈసారి దారి మార్చా. ముందు ల్యాబులో కలర్ ప్రింటు తీయించి, దాన్ని అన్ని రంగులూ చూసే బ్లాక్ అండ్ వైట్ ఫిలిం మీద ఎర్ర ఫిల్టరు పెట్టి మళ్ళీ ఫోటో తీశా. ఆ ఫిలింని కటిక చీకట్లో తడుముకుంటూ ట్యాంకులోకి ఎక్కించా. దాన్నుంచి ప్రింటు కొడితే పచ్చబొట్టు వచ్చింది, మూడు చుక్కలూ. ముఖం మాత్రం తెల్లగా పాలిపోయి, ఎవరో సినిమా మనిషి ముఖంలా ఉంది. ఎరుపొక్కటే చూస్తే మన చర్మం తెల్లబడుతుంది మరి. మా అమ్మకి రెండు ప్రింట్లూ చూపించా. పాతదీ, కొత్తదీ. 'ఇందులో చుక్కలున్నయ్, అత్త లేదు. అందులో అత్త ఉంది, చుక్కలు లేవు' అంది. ఫిల్టరు తీసేసి మూడోసారి తీశా. ముఖం మట్టి రంగులో నిలిచింది, చుక్కలు లీలగా కనపడుతున్నయ్, తెలిసినవాళ్ళకి మాత్రమే. మా అమ్మ దాన్నే గోడకి పెట్టుకుంది.

అందరూ మా అమ్మలా ఉండరు. మొన్న మా వీధిలో ఒకామె భర్త నెగటివ్ తెచ్చింది. పెళ్ళినాటిది. అతను నలుపు, మంచి నలుపు. మిరప చేలల్లో మందు కొట్టే పని చేసేవాడు. 'అబ్బాయా, కొంచెం తెల్లగా కొట్టు. ఫోన్లో ఐతే అట్లా వస్తదంట గదా' అంది. అందరి ముఖాలూ అడక్కుండానే నున్నగా తెల్లగా చేసే ఫోన్లొచ్చినయ్, నిజమే. చువ్వకి అట్టముక్క అంటించి ఇంకో పది సెకన్లు నీడ పెడితే నేనూ చెయ్యగలను. ఇన్నాళ్ళూ నేను కొట్లాడింది తెలుపు కోసం కాదు, ముఖంలో ఉన్నదంతా కనపడ్డం కోసం. ఆ మాట ఆమెకి ఉపన్యాసంగా చెప్పడానికి నేనెవర్ని? బతికినన్నాళ్ళూ అతన్ని 'కర్రోడా' అని పిలిచిన ఊళ్ళో ఆమె ఆ ఫోటో గోడకి పెట్టుకోవాలి. అతను నలుపుగానే కనపడాలని పట్టుబట్టడానికి నాకున్న హక్కెంత? తెల్లగా కొట్టిస్తే, ఆ ఊరు అన్నమాటకి నేనూ తలూపినట్టు కాదా?

రెండు ప్రింట్లు కొట్టా. ఒకదాంట్లో అతని మెడ నరాలు, పొలం ఎండకి కమిలిన నుదురు, పెళ్ళినాడు పెట్టుకున్న కాటుక చుక్క కూడా తేలినయ్. రెండోదాంట్లో అవేవీ లేవు, తెల్లగా ఉన్నాడు. ఆరబెట్టి కవర్లో పెట్టాను. ఆమె ఆదివారం వస్తానంది.